పెరీనా ఇంటి మేడగది

కోర్చులా దీవి,
1999 జూలై 3

చెర్రీ చెట్టు మీదికి దండెత్తి, నిచ్చెన మీదే పరాజయం పాలై, ఎడమ కాలికి తెల్లటి కట్టుతో తాబోర్ పట్టణంలో విశ్రమిస్తున్న బ్లజేనా పెద్దమ్మకి,

నీ తరఫున సముద్రంలో మునగడానికి నియమితుడైన రాయబారి లుమీర్ క్షేమంగా చేరాడు. సంచులు కూడా చేరాయి. వాటి గురించే నీకు ఎక్కువ బెంగ అని తెలుసు కనుక ముందే చెబుతున్నాను.

నా చదువు పూర్తయింది, ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఇంటిల్లిపాదిలో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనే అని నువ్వూ అమ్మా ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. పెరీనా గారి మేడగది ప్రతి జూలై మనది. ఒక్క ఏడు రాకపోతే మరుసటి ఏడు అది ఇంకొకరిది. ఈ దీవిలో అన్ని ఇళ్ళలోనూ ఇదే చట్టం. జనం రేవు రాళ్ళ మీద తువ్వాలు పరిచి చోటు ఆపుకుంటారు చూడు, అలా నన్ను ఈ గదిలో పరిచావు. తువ్వాలు తన బాధ్యత నెరవేరుస్తుంది, నిశ్చింతగా ఉండు.

ప్రయాణం గురించి రాయమన్నావు. ఫోన్లో నేను సగం మాటలు మింగేస్తానని, ఉత్తరమైతే సోఫాలో పడుకుని పదిసార్లు చదువుకోవచ్చని కదా నీ ఆజ్ఞ. రాస్తున్నాను. బస్సు నిండా మన చెక్ వాళ్ళే. ప్రతివాడి ఒళ్ళోనూ ఒక డబ్బా, ప్రతి డబ్బాలోనూ రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు. ఊరు దాటకముందే ఒకాయన మూత తీశాడు. తరవాత బస్సంతా మూతలు తీసింది. సరిహద్దు దగ్గర సుంకాల అధికారి నా సంచి విప్పించాడు. మాంసం సీసాలు, పొడి సూప్ పొట్లాలు, ఊరగాయ దోసకాయలు, సోంపు రొట్టెలు, చివరికి బంగాళాదుంపలు కూడా బయటపడ్డాయి.

“మీ దేశంలో కరువొచ్చిందా?” అన్నాడు.

“లేదండీ, మాకు పెద్దమ్మ ఉంది” అన్నాను.

వెంటనే వదిలేశాడు. ఆయనకూ ఉండి ఉంటుంది.

పెరీనా గారు రేవుకే వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఎండిన మనిషి, నల్ల గౌను, రేవు అవతల ఉన్నవాణ్ణి కూడా పలకరించగల గొంతు. ఆమె భాషా మన భాషా అన్నదమ్ముల పిల్లల్లాంటివి కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. అత్తయ్యా అని పిలవడం మొదలుపెట్టాను. వద్దనలేదు.

“ఒక్కడివే వచ్చావా?”

“పెద్దమ్మకి కాలు విరిగిందత్తయ్యా. చెర్రీ చెట్టు మీంచి పడింది.”

“ఈ వయసులో చెట్టెందుకెక్కింది?”

“చెర్రీలు దిగి రామన్నాయిట.”

నవ్వలేదు. నా సంచుల వంక చూసింది. “ఇదంతా తిండేనా?”

“తిండేనండీ.”

“ఊఁ” అంది. అంతే. ఆ ఊఁ నాకు నచ్చలేదు పెద్దమ్మా, ఎందుకో చెప్పలేను.

గది నువ్వు చెప్పినట్టే ఉంది. ఇనప మంచం, సముద్రం వైపు కిటికీ. పొద్దున్నే నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద ఆడుతోంది. చూస్తూ పడుకున్నాను. కారణం లేకుండా నువ్వు గుర్తొచ్చావు.

నీ ఆజ్ఞలన్నీ పాటిస్తూ, నీ ముక్కలే తింటూ,
తువ్వాలు లుమీర్


తాబోర్,
జూలై 8

ఒరే లుమీర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో సగం వెటకారం, పావు తిండి. మిగిలిన పావే నాక్కావలసింది. పైకప్పు మీది వెలుగు గురించి రాశావే, అది. అలాంటివి రాయి. నేను రాలేను కదా, నీ కళ్ళతో చూడాలి.

అక్కడ ఎలా మసలుకోవాలో ఇంకోసారి చెబుతాను. వంటింట్లోకి వెళ్ళకు. ఆమె వండుతున్నప్పుడు ఎదురుపడకు. పడితే పిలవాలి కదా, పాపం. పిలిస్తే “తిన్నానండీ, థాంక్స్” అని మేడెక్కి తలుపేసుకో. మెట్ల మీద చెప్పుల చప్పుడు చెయ్యకు. మనం ఆ ఇంట్లో ఉన్నట్టే తెలియకూడదు.

ఇది నేను పెట్టిన నియమం కాదు, మీ పెదనాన్న ఓటకర్‌ది. అరవై ఏడులో మొదటిసారి వెళ్ళాం. దేశం దాటే కాగితం దొరకడమే గగనం ఆ రోజుల్లో. దొరికినవాళ్ళం దొరకనివాళ్ళ ముందు మొహం దాచుకునేవాళ్ళం, సంతోషం కనపడకుండా. డబ్బు మార్చుకోనిచ్చేది అంతంతమాత్రం. గది అద్దె పోను చివరి రోజు చెరో ఐస్‌క్రీమ్‌కి మిగిలేది. అందుకని తిండంతా మోసుకెళ్ళాం. పెరీనా అప్పుడు చంటిపిల్ల తల్లి, మొగుడేమో ఓడ మీద. “ఆ అమ్మాయి మన కోసం ఒక్క చెంచా నూనె ఖర్చుపెట్టకూడదు బ్లజేనా” అన్నారు మీ పెదనాన్న. ఆయన పోయి అయిదేళ్ళయినా ఆ మాట మాత్రం తప్పలేదు నేను.

వాళ్ళెప్పుడూ లేనివాళ్ళేరా. సముద్రం గుమ్మంలో ఉన్నా, మనం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో చేప వాసన రాదు, గమనించావా? ఆకుకూరా బంగాళాదుంపా ఉడకబెట్టుకుని తింటారు. నాకు మనసొప్పదు. అందుకే వచ్చేముందు ఒక మాంసం సీసా వంటింటి గుమ్మం దగ్గర పెట్టేసి వస్తాను. చేతికిస్తే మొహమాటపడుతుంది. నువ్వూ అలాగే చెయ్యి.

అంజూరపు చెట్టు ఈసారి కాసిందా? రేవు చివర రంగు వెలిసిన పడవ ఇంకా ఉందా? మీ పెదనాన్న దాని నీడలో కూచుని ఒకే పుస్తకాన్ని ఆరు వేసవులు చదివారు. పూర్తయితే మళ్ళీ రావడానికి సాకుండదని భయం.

ముక్కలు పాడవకముందే తినెయ్యి.

మీ పెద్దమ్మ


కోర్చులా దీవి,
జూలై 13

కట్టుతో ఉన్నా కట్టడి సడలించని పెద్దమ్మకి,

అంజూరపు చెట్టు కాసింది. పడవ ఉంది. దాని నీడలో ఇప్పుడొక పిల్లి ఉంటోంది, తన పిల్లలతో. పుస్తకమేమీ చదవడం లేదు.

వేయించిన ముక్కల్లో చివరివి నాలుగు ఈ ఎండకి ఒక విధమైన పచ్చదనం సంతరించుకున్నాయి. సగౌరవంగా సముద్రంలో నిమజ్జనం చేశాను. చేపలు కూడా వెనకాడాయి.

ఇప్పుడు అసలు విషయం. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు కలం కొరికాను. వెటకారం లేకుండా రాస్తున్నాను, గమనించు.

కింది గదిలో ఆస్ట్రియా నుంచి, గ్రాట్స్ ఊరి దంపతులు దిగారు. ఎర్రగా కాలిన మొహాలు, పెద్ద నవ్వులు. వాళ్ళు ద్రాక్ష పందిరి కింద ఆ ఇంటివాళ్ళతోపాటే భోంచేస్తారు. ఆయన పెరీనా అత్తయ్య చేతిలోంచి గరిటె లాక్కుని వడ్డించుకుంటాడు. ఆమె తిడుతుంది. ఆయనకి ఆ తిట్లు అర్థం కావు, ఇంకో రెండు ముక్కలు వేసుకుంటాడు. ఆ సమయంలో నేను పైన తలుపేసుకుని, నీ పొడి సూప్ వేణ్ణీళ్ళలో కలుపుకుని, నిశ్శబ్దంగా మింగుతూ ఉంటాను. చప్పరించడం కూడా మానేశాను.

ఇంకో వింత. పెరీనా అత్తయ్య చేపలు ఇంట్లో వండదు. బుట్టెత్తుకుని, ఎండలో రేవు అవతలి పడవల పాకకి వెళ్ళి, అక్కడ కాల్చుకుని తెస్తుంది. ఇంట్లో అంత పొయ్యి పెట్టుకుని ఈ తిప్పలెందుకో అర్థం కాలేదు.

మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపింది.

“మీ పెద్దమ్మకి రాయి. వచ్చే ఏడాది జూలైకి మేడగది గ్రాట్స్ వాళ్ళు అడుగుతున్నారు. నెలాఖరుకి వెళ్ళేటప్పుడు వాళ్ళకి మాటిచ్చేస్తాను.”

“అదేంటత్తయ్యా! నేనొచ్చాను కదా గది ఆపడానికి.”

“వచ్చావు. కాదన్నానా?”

“మరి ఎందుకు?”

“ఎందుకేమిటి. అలిసిపోయాను.”

“గది పోతే మా పెద్దమ్మ బతకదు. ఆత్మ వచ్చి ఆ కిటికీ దగ్గరే నిలబడుతుంది, చూసుకోండి.”

“ఆ ఆత్మ కూడా డబ్బా తెచ్చుకుంటుందా?” అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మా, నేనేమీ విరగ్గొట్టలేదు, తడి తువ్వాలు మంచం మీద వెయ్యలేదు. నాకు కారణం తెలియడం లేదు. ఏం చెయ్యమంటావు?

లుమీర్


తాబోర్,
జూలై 18

లుమీర్,

నువ్వేదో చేశావు. ఒప్పుకో. వంటింట్లోకి వెళ్ళి ఏదైనా అడిగావా? ఉప్పు? పాలు? “అలిసిపోయాను” అందంటే అర్థమేమిటి? మనవల్ల పని పెరిగిందని కాదూ? మేం ఇన్నేళ్ళు వెళ్ళాం, ఒక్కనాడు ఆ మాట అనిపించుకోలేదు. నువ్వెళ్ళిన పది రోజులకే ఆమె అలిసిపోయింది.

ఇదిగో, రేపటినుంచి ఇంట్లో సూప్ కూడా కలపకు. వేణ్ణీళ్ళు కూడా అడగకు. తిండి రాళ్ళ మీదికి తీసుకెళ్ళి తిను. పొద్దున వెళ్ళి పడుకునే వేళకి రా. మాంసం సీసా ఒకటి కాదు, రెండు పెట్టు గుమ్మం దగ్గర. చిన్నపిల్లాడిలా బతిమాలకు, అది ఆమెకి మరీ కష్టం. మనం బరువు కాదని ఆమెకే తెలియాలి.

ఆ గది ఎందుకని అడగలేదు నువ్వు. అడగకపోయినా చెబుతాను. ఇక్కడ ఇంట్లో మీ పెదనాన్న కుర్చీ ఉంది, కోటు ఉంది, ఫోటోలున్నాయి. కానీ ఇక్కడ ఆయన అయిదున్నరకి లేచి ఫ్యాక్టరీకి పరిగెత్తే మనిషి. సాయంత్రం రేడియో తగ్గించి విని, పొరుగువాళ్ళకి వినపడిందేమో అని భయపడే మనిషి. అక్కడ, ఆ ఇనప మంచం మీద, పైకప్పు మీది వెలుగు చూసి “ఇవాళ గాలి దక్షిణం నుంచి” అని చెప్పేవారు. ఒక్కసారి నిజమైతే వారమంతా గొప్పలు. నాకు ఆ మనిషి కావాలి. ఆయన ఆ గదిలో తప్ప ఇంకెక్కడా లేడు. ఇప్పటికీ నేను మంచానికి ఎడమ పక్కనే పడుకుంటాను, కుడి పక్క ఆయనది.

గది పోనివ్వకు నాయనా.

పెద్దమ్మ


కోర్చులా దీవి,
జూలై 24

పెద్దమ్మకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కూర్చునే ఉంటావులే. అయినా ఏదైనా పట్టుకో.

నీ ఆజ్ఞ ప్రకారం రెండు రోజులు రాళ్ళ మీద బతికాను. మాంసం సీసా ఎండలో పెడితే కొవ్వు కరిగి అదే సూప్ అవుతుందని శాస్త్రలోకానికి తెలియజేస్తున్నాను. నిన్న పొద్దున రెండు సీసాలు వంటింటి గుమ్మం దగ్గర పెట్టి, దొంగలా రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి చెవి దొరికింది. నా చెవి, పెరీనా అత్తయ్య చేతికి.

“రెండా! ఇప్పుడు రెండా! పద” అంది.

చెవి వదలకుండా నేలమాళిగలోకి దింపింది. వైన్ పీపాలు, నూనె కూజాలు, వాటి వెనక గోడ పొడుగునా ఒక అర. ఆ అర మీద నీ సీసాలు పెద్దమ్మా. వరసగా. మూతల కింద నీ చేతిరాతతో చీటీలు. పంది మాంసం, డెబ్బై నాలుగు. కుందేలు, ఎనభై మూడు. దుమ్ము తుడిచి మరీ ఉన్నాయి. ఎనభై ఒకటి నాటి దాని మూత గోపురంలా ఉబ్బింది. దాని దరిదాపుల్లోకి ఎవరూ పోరాదని నిషేధం.

“ఇవన్నీ తినలేదా?” అన్నాను.

“ఎందుకు తింటాను? తిండికి మొహం వాచి ఉన్నానా నేను? పిల్లులకి పెట్టడానికి చేతులు రాలేదు, పారెయ్యడానికి మనసు రాలేదు. మొదటిరోజు, మీ వాళ్ళు కొత్తగా వచ్చిన రోజు, చంటిదాన్ని చంకనేసుకుని కవళ్ళ చేపలు వేయించాను. బల్ల వేసి పిలిచాను. ఇద్దరూ తిన్నామండీ అన్నారు. పైకెళ్ళారు. తలుపు పడింది, కిటికీ కూడా పడింది. సరే, సముద్రం లేని దేశం వాళ్ళు, మా చేప వాసన పడదు అనుకున్నాను. అప్పట్నుంచీ మీ వాళ్ళున్నన్నాళ్ళూ నా ఇంట్లో చేప వేయించలేదురా! నా మొగుడు ఓడ దిగి వస్తే, ఉడకబెట్టిన ఆకుకూర పెట్టాను. ‘ఇది ఇల్లా, ఆస్పత్రా’ అన్నాడు.”

చేపల బుట్ట పడవల పాకకి ఎందుకు వెళ్తోందో అప్పుడు తెలిసింది. నా ముక్కు కోసం. నీ ముక్కు కోసం.

“అది పోనీ” అంది. “వాసన పడదు, సరే. తొంభై ఆరు సంగతి చెప్పు. మా దేశంలో యుద్ధం అయిపోయింది. ఏళ్ళ తరబడి ఈ రేవులో పడవ దిగినవాళ్ళు లేరు. మంచాలకి దుప్పట్లు తీసేశాను. అప్పుడు ఉత్తరమొచ్చింది, బ్లజేనా వస్తోందని. అందరికంటే ముందు ఆవిడే! రేవులో పట్టుకుని ఏడ్చాను. ఆయన లేడు, ఒక్కతే దిగింది. మా తమ్ముడు నీళ్ళలోకి దిగి ఆక్టోపస్ పట్టుకొచ్చాడు, బొగ్గుల మీద సగం రోజు మగ్గబెట్టాను. చేప కాదుగా, తింటుందేమో అనుకున్నాను. ఊరంతటికీ చెప్పుకున్నాను, నా మనిషి వచ్చిందని. ఆవిడేమందో తెలుసా? తిన్నానండీ, థాంక్స్ అంది. పైకెళ్ళింది. తలుపేసుకుంది. పొద్దున గుమ్మంలో సీసా! నా వంట మనిషి తినేది కాదనా? నేను ముష్టిదాన్ననా?”

పెద్దమ్మా, నాకున్న చదువంతా, తెలివంతా కూడగట్టుకుని చెప్పాను. అత్తయ్యా, మీకు బరువు కాకూడదని. మీరు లేనివాళ్ళని పొరపడి. మా పెదనాన్న పెట్టిన నియమమని. మీ ఇంట్లో చేప వాసన రాదు కాబట్టి చేప కొనలేరనుకుందని.

“నేను! చేప కొనలేకపోవడమా! ఈ దీవిలో చేప కొనేదెవర్రా?” అని ముందు నవ్వింది. తరవాత నన్ను ఎగాదిగా చూసింది. “మూడు వారాల్లో నువ్వు నాతో నిజమెప్పుడు చెప్పావు? మీ ఊళ్ళో చెరువు చేపని క్రిస్మస్ ముందు స్నానాల తొట్లో పెంచుతారన్నావు. పిల్లలు దానికి పేరు పెడతారన్నావు.”

“అది నిజమే అత్తయ్యా!”

“చూశావా” అంది. “ఇదీ అంత నిజమేలే.”

జీవితంలో మొదటిసారి మొహం గంభీరంగా పెట్టి నిజం చెబితే, అది కూడా వేషమే అనుకుంది. నామీద నాకే కోపమొచ్చింది.

“ఆవిడకి చెయ్యి విరగలేదుగా” అంది చివరికి. “చెప్పదలుచుకుంటే ఆవిడే చెబుతుంది. నువ్వు మాత్రం ఇప్పుడు చెప్పు. తింటావా, తినవా?”

తిన్నాను పెద్దమ్మా. పందిరి కింద, బల్ల దగ్గర, ఇంట్లో వేయించిన కవళ్ళు. వేళ్ళతో. నడిముల్లు పట్టుకుని లాగితే అటు సగం ఇటు సగం ఊడి వస్తుంది. మీద పచ్చి ఆలివ్ నూనె, ఉప్పు. గ్రాట్స్ ఆయన నా వీపు మీద చరిచాడు. అన్ని రోజులుగా ఆ ఇంట్లో ఉండి, నిన్ననే వచ్చినట్టనిపించింది.

నెలాఖరుకి వారమే ఉంది. మాట ఇంకా ఇవ్వలేదు. ఆమెకి నువ్వే రాయి. నా ద్వారా కాదు. దండం పెడతాను.

లుమీర్


తాబోర్,
జూలై 29

నాయనా లుమీర్,

నీ ఉత్తరం వచ్చాక మధ్యాహ్నమంతా ఏమీ చెయ్యలేదు. మీ అమ్మ వచ్చి ఏమైందంది. ఏం లేదు, దురద పెడుతోంది కట్టు లోపల అన్నాను.

ఆ మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తుంది. బల్ల మీద పళ్ళెం కూడా గుర్తుంది. రెండు రాత్రులు బస్సులో కూచుని వచ్చాం, ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. నేను ఒక అడుగు వేశాను బల్ల వైపు. మీ పెదనాన్న నా మణికట్టు పట్టుకున్నారు, ఎవరికీ కనపడకుండా. పైకెళ్ళి తలుపు, కిటికీ ఎందుకు మూశామంటావు? వాసన పడక కాదు. ఆ వాసన వస్తుంటే ఎండు రొట్టె గొంతు దిగక.

ఇక తొంభై ఆరు. యుద్ధంలోంచి బయటపడ్డ మనుషులు, వాళ్ళకే తిండి ఉందో లేదో, నేను కూచుని తినడమేమిటి అనుకున్నాను. అది ఒక సగం. రెండో సగం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన లేకుండా ఆ బల్ల దగ్గర కూచోవడం నావల్ల కాదనిపించింది. ఇన్నేళ్ళు ఇద్దరం తిననిది, ఆయన పోయాక నేనొక్కదాన్నీ తింటే ఆయన్ని వదిలేసినట్టుంటుందనిపించింది. తలుపేసుకుని ఏడ్చాను. ఆమె కింద ఏడ్చిందేమో, నాకేం తెలుసు. మధ్యలో ఒక చెక్క మెట్ల వరస.

ఆమెకి విడిగా ఒక కాగితం రాసి ఇందులో పెట్టాను. ఆమెకి మన భాష చదవడం కష్టం కాబట్టి నువ్వే చదివి వినిపించు. అందులో ఏముందో నీకు చెప్పను. చదివేటప్పుడు ఎలాగూ తెలుస్తుంది. నీ సొంత మాట ఒక్కటి కలిపావో, ఆ రెండో చెవి నేను పట్టుకుంటాను.

తపాలావాణ్ణి తొందర పెట్టాను. వాడు నవ్వాడు.

పెద్దమ్మ


కోర్చులా దీవి,
ఆగస్టు 4

పెద్దమ్మకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గ్రాట్స్ వాళ్ళు శనివారమే వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ చేతిలో చెయ్యి వేయించుకుని, మాట తీసుకున్నారు. వచ్చే జూలై మేడగది వాళ్ళది. ఈ వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసి చూశాను. ఏ రకంగా రాసినా గది తిరిగి రాలేదు.

ఆగస్టుకి హంగరీ కుటుంబం ఒకటి మేడెక్కింది. నా గడువు అయిపోయినా, ఉత్తరం కోసం బస్సెక్కలేదు. పెరీనా అత్తయ్య నన్ను కింద వంటింటి పక్కనున్న చిన్న గదిలోకి తోసింది. పెళ్ళి కాకముందు ఆమె కూతురు పడుకున్న గది.

నీ కాగితం పందిరి కింద చదివాను. ఒక్క మాట కలపలేదు. కలిపే పరిస్థితిలో లేను. ‘మీ ఇంటి వాసన లోపలికి రాకుండా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను, నాకు అంత ఆకలిగా ఉంది పెరీనా’ అని రాశావే, అక్కడ దగ్గొచ్చిందని చెప్పి నీళ్ళు తాగాను. ఆమె చిక్కుళ్ళు వలుస్తూ వింటోంది. వలిచిన గింజలు తొక్కల్లోనూ, తొక్కలు గిన్నెలోనూ వేసింది.

అయిపోయాక గిన్నెలోంచి తొక్కలు ఒక్కొక్కటే ఏరింది. నేను కూడా ఏరాను, నమ్మగలిగితే నమ్ము.

“మణికట్టు పట్టుకున్నాడా!” అంది చివరికి. “మంచివాడే అనుకున్నానే! ఎంత మూర్ఖుడు!” ఆ పైన కళ్ళు తుడుచుకుని, “శనివారం మాటిచ్చేశాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను. గది లేదు” అంది.

“తెలుసత్తయ్యా.”

“ఏం తెలుసు నీకు? ఇంట్లో తినే మనిషికి అద్దె గది దేనికి? అద్దె గది ఇంటివాళ్ళకి కాదు, పైవాళ్ళకి. ఆవిడ ఇక్కడ పడుకుంటుంది, నువ్వు పడుకున్న చోట. అద్దె మాటెత్తితే చెప్పుతో కొడతానని రాయి. ఆ మాటే రాయి, మెత్తగా మార్చకు.”

మార్చలేదు.

నీకు గది సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. సముద్రం కనిపించదు. కిటికీ పెరట్లోకి. పైకప్పు మీద వెలుగు ఆడదు. మంచం ఒక మనిషికే సరిపోతుంది, కుడి పక్క లేదు. తలుపు వాచిపోయి ఎప్పుడూ సరిగ్గా పడదు, వంటింట్లో ఎవరేం మాట్లాడుకున్నా వినిపిస్తుంది. పొద్దున్నే ఎవరినో తిడుతుంటే మెలకువొస్తుంది. రెండోరోజు నుంచీ ఆ తిట్లు నన్నే.

నువ్వు అడిగింది ఇది కాదని తెలుసు. పోనివ్వకు అన్నావు, పోయింది. క్షమించు.

ఒక ప్రశ్న అడిగింది ఆమె. జవాబొచ్చేదాకా నన్ను బస్సెక్కనివ్వదట. చేప వండితే తల ఎవరికి, తోక ఎవరికి అనేది ఈ ఇంట్లో చిన్న విషయం కాదు. ఎవరి వాటా వాళ్ళకి పుట్టినప్పట్నుంచీ రాసిపెట్టి ఉంది. “ఇన్నేళ్ళుగా నా నెత్తిన ఉంది, ఆవిడకి తల ఇష్టమో తోక ఇష్టమో నాకు తెలీదు! సిగ్గుచేటు! కనుక్కో” అంది.

కనుక్కుంటున్నాను.

లుమీర్


తాబోర్,
ఆగస్టు 9

ఒరే లుమీర్,

నిన్న కట్టు తీశారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరి కాలో అన్నట్టుంది. డాక్టరు నడవమన్నాడు. కిటికీ దాకా నడిచాను.

గది పోయిందని చదివాక ఏడ్చాను. నువ్వేమీ చెయ్యలేకపోయావని కాదు. ఆ వెలుగు వచ్చే జూలైలో గ్రాట్స్ వాళ్ళ మీద పడుతుంది, వాళ్ళకి అది ఎటు గాలో తెలియదు. ఎవరైనా చెప్పాలి వాళ్ళకి. నువ్వు చెప్పగలిగితే చెప్పు. సరదాగా కాదు.

ఆయన ఉంటే ఏమనేవారని రోజంతా ఆలోచించాను. ఏమనేవారు కాదు. మణికట్టు పట్టుకునేవారు. ఈసారి విడిపించుకుంటాను.

ఆమె ప్రశ్నకి జవాబు రాసుకో. ఆమెకి చదివి వినిపించు, గట్టిగా, రేవు అవతలికి వినపడేలా. మా చెరువు చేప సంగతి వేరు, అది ఏడాదికోసారి ముక్కలుగా పళ్ళెంలోకి వస్తుంది, దానికి తల తోక అడిగేవాళ్ళు లేరు. సముద్రపు చేపలో నాకు ఏది ఇష్టమో నాకే తెలియదు. ఎప్పుడూ తినలేదు. జూలైలో వచ్చి, రెండూ తిని చెబుతాను.

పెద్దమ్మ